గోలి, బత్తాయి, చక్కెర నీళ్లు

మా ఇంట్లో ఏ జబ్బుకైనా మొదటి మందు బత్తాయి. జ్వరమొచ్చినా బత్తాయి, నీరసమొచ్చినా బత్తాయి, పరీక్ష పోయినా బత్తాయే. నాయిన పండ్ల మార్కెట్లో వ్యాపారం చేస్తాడు. నల్గొండ తోటల నుంచి లారీల్లో వచ్చే కాయను కుప్పల లెక్కన కొని బండ్లవాళ్లకు అమ్ముతాడు. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లు మధ్యాహ్నం అన్నానికి ఎల్బీనగర్‌లోని మా ఇంటికి వచ్చిపోయేవాడు. అది బాటసింగారం తరలిపోయాక ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఏ వేళకొచ్చినా చేతిలో సంచి ఉంటుంది, సంచిలో బత్తాయిలుంటాయి. అమ్మ వాటిని పిండి, వడగట్టి, స్టీలు గ్లాసులో పోసి, తాగేదాకా నెత్తి మీద నిలబడుతుంది.

నాకు మాత్రం బత్తాయితో పోని జబ్బొకటి వచ్చింది.

డాక్టర్ సీటు కోసం చైతన్యపురిలో కోచింగ్‌కు పోయాను. మొదటి ఏడు సీటు రాలేదు. రెండో ఏడు మధ్యలో లేవడం మానేశాను. కళ్లు తెరిచే ఉండేవి, మంచం దిగాలనిపించేది కాదు. తల దువ్వుకోవడం కొండెక్కినంత పని. ఏడుపైనా వస్తే బాగుండుననుకునేదాన్ని, అదీ వచ్చేది కాదు. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. ఆ కోపం కూడా ఎటో పోయింది. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది, చివరికి ఎవరికీ చెప్పకుండా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె నాతో చాలాసేపు మాట్లాడి, డిప్రెషన్ అని చెప్పి, రోజుకొక మాత్ర రాసిచ్చింది.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున ఉప్మాలో ఉప్పు తక్కువైందని అమ్మ మీద గట్టిగా అరిచాను. అమ్మ గరిటె పట్టుకునే ఏడ్చేసింది. బాధతో కాదు. నా అరుపు విని ఎన్ని నెలలైందోనని. ఆ ఉప్మా రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

అక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. కానీ నేను లేచి తిరగడం మొదలుపెట్టగానే అమ్మకు ఆ మాత్ర మీద భయం పట్టుకుంది. "మంచిగైనవ్ గదా, ఇంక ఎందుకే గా గోలీలు? లోపట వేడి చేస్తయి. నరాలు కాలిపోతయట" అనేది. ఎవరు చెప్పారంటే మా మేనత్త చెప్పింది. ఆమెకెవరు చెప్పారో ఆమెకే తెలియదు. చుట్టాలొస్తున్నారంటే మాత్రల అట్ట అల్మారాలో చీరల కిందికి పోయేది. ఎవరన్నా చూస్తే పిల్లకు పిచ్చి అనుకుంటారని భయం.

డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి అమ్మ పోరు పడలేక మానేశాను కూడా. నెల తిరిగేసరికి మళ్లీ మంచమెక్కాను. పరీక్షలు రాయలేకపోయాను. డాక్టరమ్మ దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి బయటపడేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "నాకు చెప్పకుండా మాత్ర ఆపొద్దు" అని ఆమె గట్టిగా చెప్పింది. అందుకే నాకు బాగా తెలుసు. ఆ మాత్ర ఆగితే నా చదువు ఆగుతుంది, నేనూ ఆగిపోతాను.

మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేరింది ఎల్బీనగర్‌లోనే, ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో. కింద టైల్స్ షోరూమ్, పైన మేము. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు మా గైడ్ మేడమ్ ఏదైనా మీకు పట్టింపున్న విషయం ఎంచుకోండి అంది. అందరూ పెరుగు, మట్టి, బోరు నీళ్లు ఎంచుకున్నారు. నేను డిప్రెషన్ మాత్ర ఎంచుకున్నాను. అది ఈస్ట్ కణాల మీద ఏం చేస్తుంది? సి, ఇ విటమిన్లు కలిపితే ఏమవుతుంది? ఇదీ నా ప్రశ్న.

ఈస్ట్ అంటే బ్రెడ్డు పొంగడానికి బేకరీవాళ్లు వేసేదే. ఒంటికణం జీవి. అయినా దాని లోపలి ఏర్పాటు మన కణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి లోకమంతా దాని మీద పరీక్షలు చేస్తారు. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, కణం లోపల కూడా ఆక్సిజన్ వల్ల అలాంటి దెబ్బలే తగులుతుంటాయి. వాటిని తట్టుకోలేని స్థితిని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. కొన్ని మందులు ఎక్కువైతే ఈస్ట్‌లో ఆ దెబ్బలు పెరుగుతాయి, కొన్ని విటమిన్లు తగ్గిస్తాయి. దెబ్బ తిని చచ్చిన కణాలకు ఒక నీలం రంగు అంటుకుంటుంది. బతికున్నవి ఆ రంగును విరిచేసి తెల్లగా ఉంటాయి. మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టుకోవడమే.

ఇదంతా అమ్మకు చెప్పడం నా కొంప ముంచింది. అమ్మ బ్లౌజుకు హుక్కులు కుడుతూ విని, సూది ఆపి, "అయితే మంచిగైంది. గా గోలి వాటిని సంపుతదో లేదో నీ కండ్లతోనే సూస్తవ్" అంది.

"సంపదు. సూపిస్త" అన్నాను.

"సంపితే?"

"సంపితే మానేస్త, పో!" ముక్కు మీది కోపం తిరిగొచ్చిందని సంబరపడ్డాను గానీ, అది ఇలాంటి పనులే చేయిస్తుంది.

కాలేజీలో విటమిన్ సి సీసా ఉంది. మూత తీస్తే లోపల పొడి పసుపుపచ్చగా తిరిగి గడ్డకట్టింది. కొత్తది తెప్పించేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? మా ఇంట్లో విటమిన్ సికి కరువేంటి అనుకుని, నాయిన తెచ్చిన బత్తాయిలు పిండి, రసం పల్చని గుడ్డలో వడగట్టి పట్టుకెళ్లాను. బత్తాయిల ఇంట్లో పుట్టిన మనిషికి తప్ప ఇంకొకరికి ఆ ఆలోచన రాదు. కొన్ని ట్యూబుల్లో ఈస్ట్, నీళ్లు. కొన్నింటిలో ఈస్ట్, నూరిన మాత్ర. ఇంకొన్నింటిలో మాత్రతో పాటు బత్తాయి రసం. అన్నీ ఇంక్యుబేటర్‌లో పెట్టి మర్నాడు చూశాను.

మాత్ర ట్యూబు నుంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే అంతా నీలమే. ఎటు జరిపినా నీలమే. బత్తాయి కలిపిన ట్యూబులో మాత్రం కణాలు కిక్కిరిసి ఉన్నాయి, నీలం అక్కడక్కడా. అంటే పందెం ఓడిపోయాను. దాచిపెడదామని కూడా అనిపించింది. కానీ అబద్ధమాడితే నా మొహం మీద రాసి ఉంటుంది, అమ్మ చదివేస్తుంది. ఫోన్లో ఫొటోలు తీసుకుపోయి చూపించాను.

అమ్మ వాటిని వేళ్లతో పెద్దవి చేసి చూసింది. "గోలి సంపింది. బత్తాయి బతికిచ్చింది" అంది. అంతే. లేచి అల్మారాలోంచి అట్ట తీసి కొంగున కట్టుకుంది. నాయిన పక్క నుంచి "మన కాయంటే ఏమనుకున్నవ్!" అని మురిసిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. భయమేసింది. మంచం నన్ను పిలుస్తున్నట్టే అనిపించింది, నిజంగా.

మర్నాడు ఫొటోలు మేడమ్ ముందు పెట్టాను. ఆమె గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, ఎప్పుడూ గొంతు పెంచదు. ఫొటోలు చూసి, "మాత్ర ఎంత వేశావమ్మా?" అంది.

"ఒకటి నూరి ఏసిన మేడమ్."

"ఒక్కో ట్యూబులో ఒక్కోటా? ఆ మాత్ర నిలువెత్తు మనిషికి సరిపోయే మందు. నువ్వు దాన్ని వేలెడంత ట్యూబులో పోశావు. అవి చావక ఏం చేస్తాయి?" అని కళ్లజోడు తీసింది. "సరే, బత్తాయి రసంలో ఏముంటుంది?"

"విటమిన్ సి."

"ఇంకా?"

నాయిన బండ్లవాళ్లతో ఏమని బేరమాడతాడు? తీపి చూసి తీసుకోమంటాడు. చక్కెర! ఈస్ట్‌కు చక్కెర అంటే పండగ భోజనం. అది తిని కణాలు పిల్లల్ని పెట్టాయి. కొత్తగా పుట్టినవి లక్షల్లో వచ్చి, చచ్చినవాటిని మందలో కనపడకుండా చేశాయి. నీలం తక్కువైంది అందుకు. నేను బత్తాయికి విజయతిలకం దిద్దాను.

"చక్కెర నీళ్ల ట్యూబొకటి పక్కన పెట్టుంటే నీకే తెలిసేది" అంది మేడమ్. పక్కన సరిపోల్చడానికి పెట్టే ఆ ట్యూబును కంట్రోల్ అంటారు. డిగ్రీ మొదటి ఏడు నుంచీ పరీక్షల్లో దాని మీద పేజీలు పేజీలు రాశాను.

నేను ఏడ్చేశాను. మాత్ర నేనే వేసుకుంటానని, అమ్మతో పందెం కాశానని, అట్ట అమ్మ కొంగులో ఉందని మొత్తం చెప్పేశాను. కాలేజీలో ఒకరికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

మేడమ్ ఆశ్చర్యపోలేదు. "ఈస్ట్ మీద పందెం కాసి మందు మానేస్తావా? ఈస్ట్‌కు మనసుందా, మెదడుందా? నీ మందు సంగతి తేల్చాల్సింది నీ డాక్టరు. ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. ఆ తర్వాత మీ అమ్మగారికి ఇది అర్థమయ్యేలా చెప్పు. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు ప్రాజెక్టు వచ్చినట్టే" అంది.

మెట్లు దిగుతూనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆగకుండా వేసుకోమంది. కావాలంటే అమ్మను తీసుకురమ్మంది. కానీ అమ్మను డాక్టర్ల మాటలతో గెలవలేనని నాకు తెలుసు. అమ్మకు నమ్మకమున్నది ఒక్క చోటే, తన వంటింట్లో. దారిలో కిరాణా కొట్టులో ఈస్ట్ పొట్లం కొన్నాను.

వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులు వరసగా పెట్టాను. ఒకదాంట్లో గోరువెచ్చటి నీళ్లు, ఒకదాంట్లో బత్తాయి రసం, మరొకదాంట్లో చక్కెర కలిపిన నీళ్లు. మూడింటిలోనూ ఈస్ట్ వేశాను. అమ్మ మూతి ముడుచుకుని గడపలో నిలబడింది. నాయిన ఆ రోజు తొందరగా వచ్చాడు, స్టూలేసుకుని కూర్చున్నాడు. ముగ్గురం పాల మీద కన్నేసినట్టు ఆ గ్లాసుల మీద కన్నేశాం.

ఉత్త నీళ్లు అట్లాగే ఉన్నాయి. బత్తాయి గ్లాసులో నురుగు లేచింది. నాయిన మీసం సవరించుకున్నాడు. అప్పుడు చక్కెర గ్లాసులో నురుగు లేచి, అంచుకొచ్చి, పొంగి గట్టు మీద పారింది.

"అగో! చక్కెరకు గూడ గట్లనే పొంగిందేందే?" అంది అమ్మ.

"పొంగిచ్చింది చక్కెరనే అమ్మా. బత్తాయిల ఉన్నది గదే."

"అంటే నా కాయల ఏం లేదంటవా?" నాయిన ఒంటికాలి మీద లేచాడు.

"ఉన్నది నాయినా. విటమిన్ గూడ ఉన్నది. కానీ ఎవ్వలు బతికిచ్చిన్రో గిట్ల తెల్వదు. చక్కెర లేకుంట ఉత్త విటమిన్ ఏసి చూడాలె."

అమ్మ గడప దిగి లోపలికొచ్చింది. ఇప్పుడు అసలు పని. ఇంకో రెండు గ్లాసుల్లో చక్కెర నీళ్లు, ఈస్ట్ వేశాను. ఒకదాంట్లో చిటికెడు ఉప్పు, రెండోదాంట్లో గుప్పెడు ఉప్పు. కాసేపటికి చిటికెడు వేసింది మామూలుగా పొంగింది. గుప్పెడు వేసింది పొంగలేదు. ఎంతసేపు చూసినా పొంగలేదు.

"సచ్చిపోయినయా?" అంది అమ్మ.

"సచ్చిపోయినయి. ఉప్పు సంపింది. రేపటి సంది కూరల ఉప్పు మానేద్దామా?"

అమ్మ నా వంక చూసింది. గ్లాసుల వంక చూసింది. జీవితమంతా చిటికెడుకూ గుప్పెడుకూ తేడా చేత్తోనే తెలిసిన మనిషి. "ట్యూబుల గోలి గుప్పెడు పడ్డదా?" అని నెమ్మదిగా అడిగింది.

"గుప్పెడు కాదమ్మా, బస్తా పడ్డది."

"మరి నువ్వు ఏస్కునేది?"

"చిటికెడు. డాక్టరమ్మ చూసి ఏసిన చిటికెడు."

అమ్మ కొంగు ముడి విప్పి అట్ట తీసి నా చేతిలో పెట్టింది. మంచినీళ్లు కూడా తనే తెచ్చింది. నేను మాత్ర వేసుకునేదాకా, బత్తాయి గ్లాసుతో నిలబడినట్టే నెత్తి మీద నిలబడింది. ఇంత గొప్పగా ఎవరూ ఏ యుద్ధమూ గెలిచి ఉండరని అనుకున్నాను, ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత కాలేజీలో పరీక్షంతా మొదటి నుంచి చేశాను. కొత్త విటమిన్ సి తెప్పించుకున్నాను. మందును రకరకాల మోతాదుల్లో పల్చన చేశాను. ప్రతిసారీ పక్కన ఉత్త నీళ్ల ట్యూబు, చక్కెర నీళ్ల ట్యూబు. విటమిన్ ఇ నన్ను ఏడిపించుకు తింది. అది నూనెలాంటిది, నీళ్లలో కలవదు, పైకి తేలి నన్ను వెక్కిరించేది. స్పిరిట్‌లో కరిగించాలన్నారు. మరి చంపేది స్పిరిటైతే? అని నాకు నేనే అడ్డం తిరిగి, స్పిరిట్ ఒక్కటే వేసిన ట్యూబు కూడా పెట్టాను. మేడమ్ ఆ ట్యూబు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు మార్కుల కంటే ఎక్కువ.

చివరికి తేలింది ఇదీ. మందు కొంచెంగా వేస్తే ఈస్ట్‌కు పెద్దగా ఏమీ కాలేదు. బాగా ఎక్కువ వేస్తే చచ్చింది. ఆ ఎక్కువ మందులో కూడా విటమిన్ సి ముందుగా ఇచ్చిన కణాలు కొంత తట్టుకున్నాయి. విటమిన్ ఇ సంగతి నేను చెప్పలేను, ఒక్కోసారి ఒక్కో మాట చెప్పింది. అలాగే రాశాను. నాయిన మాత్రం విటమిన్ సి గెలిచిందంటే కాయ గెలిచినట్టేనని మార్కెట్టంతా చాటింపు వేశాడు.

ప్రాజెక్టులు చూపించే రోజున మా కాలేజీ తల్లిదండ్రుల్ని కూడా పిలిచింది. పై ఏడు అడ్మిషన్ల ఆశ, ఇంకేం కాదు. హాల్లో గోడల పొడవునా పోస్టర్లు. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఒక్కొక్కటీ చూస్తూ నా దగ్గర ఆగాడు. అమ్మ పట్టుచీరలో నా పక్కనే, తానే పరీక్ష రాస్తున్నట్టు నిటారుగా నిలబడింది.

"అంటే డిప్రెషన్ మందులు వాడేవాళ్లు విటమిన్ సి వేసుకుంటే మంచిదన్నమాట!" అన్నాడాయన.

"అలా చెప్పలేను సార్. ఇది ఈస్ట్. మనిషి సంగతి మనిషి మీద చూసినవాళ్లు చెప్పాలి. నా ప్రాజెక్టు చూసి ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, మానొద్దు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "గుడ్. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు" అని ముందుకు కదిలాడు. నేలకు జానెడు ఎత్తున నిలబడ్డాను. సీటు రాని పిల్లనని నన్ను నేనే తిట్టుకున్న ఏళ్లన్నీ ఆ ఒక్క మాటతో చెల్లిపోయాయి.

కాసేపు నీళ్లు తాగొద్దామని పక్కకు పోయి వచ్చేసరికి మా పోస్టర్ దగ్గర గుంపు. మధ్యలో అమ్మ. చెయ్యి ఊపుతూ చెబుతోంది. "గీ ట్యూబు సూసిన్రా, చక్కెర నీళ్లది? గిది పక్కన వెట్టకుంట ఎవ్వలేం చెప్పినా నమ్మొద్దు." నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు.

బాలాపూర్ నుంచి వచ్చిన ఒకామె, నా క్లాసు అబ్బాయి తల్లి, జర ముందుకొచ్చి అడిగింది. "అక్కా, గీ గోలీలు పిచ్చోళ్లకు గద ఇచ్చేది? మామూలోళ్లు ఎవ్వలన్న ఏస్కుంటరా?"

నేను గుంపు వెనకే ఆగిపోయాను. చుట్టాలొస్తే అట్టను చీరల కిందికి తోసిన అమ్మ, నలుగురిలో ఏమంటుంది? మాట మార్చేస్తుందనే అనుకున్నాను. మార్చినా తప్పు పట్టకూడదని నాకు నేను చెప్పుకున్నాను.

"నా బిడ్డ ఏస్కుంటది" అంది అమ్మ. రోడ్డవతల నుంచి బస్సు ఆపే గొంతుతో అని, నా వైపు చెయ్యి చూపింది. "గీ పోస్టర్ చేసింది గదా, గా పిల్లనే. మంచంల వడ్డది లేచి నిలవడ్డది. సూడు."

అందరూ నా వైపు తిరిగారు. దాక్కోవాలనిపించలేదు, ఒట్టు.

బాలాపూర్ ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, అమ్మ చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించింది. "మా పెద్ద పిల్ల గూడ మంచం దిగుతలేదక్కా. ఎవ్వలకు చెప్పుకోలే. యాడ సూపిచ్చిన్రు?"

అమ్మ మాత్రం గొంతు తగ్గించలేదు. "దిల్‌సుఖ్‌నగర్ల. పరేషాన్ గాకు, నేనే తోల్కపోత" అని, గుంపు మీదుగా నన్ను కేకేసింది. "బిడ్డా, మన డాక్టరమ్మ ఎన్నింటికి ఒస్తదే?"

హాలంతా వినపడేలా నేనూ అంతే గట్టిగా చెప్పాను.